డాక్టర్ చదువు పల్లె గడప దాకా వస్తోంది, మరి పల్లెకేం మిగులుతుంది?

(ఇబ్రహీంపట్నంలో రైతు సంఘం కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగం)



గిట్టుబాటు ధర గురించి, కరెంటు గురించి, పాసు పుస్తకాల గురించి మాట్లాడే మనం ఈరోజు మెడికల్ విద్యార్థుల సంగతి ఎందుకు ఎత్తుకున్నామని కొందరు అడిగారు. రైతు ఇంటి అప్పు లెక్క తీయండి. విత్తనం, ఎరువు, బోరు పక్కనే దవాఖాన బిల్లు కూడా ఉంటుంది. రేపు మనకు వైద్యం చేసేవాళ్లు ఈరోజు ఎక్కడ, ఎవరి దగ్గర నేర్చుకుంటున్నారన్నది మన సమస్య కాకుండా పోతుందా?

2021-22లో చేరిన బ్యాచ్ నుంచి జాతీయ వైద్య కమిషన్ ఒక పద్ధతి పెట్టింది. ఎంబీబీఎస్ విద్యార్థి ప్రతి ఒక్కరూ మొదటి ఏడాది నుంచే పల్లెలో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకోవాలి, మళ్లీ మళ్లీ వచ్చి వాళ్ల ఆరోగ్యం చూడాలి. చదువైపోయాక హౌస్ సర్జన్‌గా చేసే ఏడాదిలో పన్నెండు వారాలు కమ్యూనిటీ మెడిసిన్‌కే కేటాయించారు. మన రంగారెడ్డి జిల్లాకు మహేశ్వరం పేరు మీద 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా వచ్చింది. కాబట్టి తెల్లకోటు పిల్లలు మన వాకిట్లోకి రావడం ఇక ఎక్కువవుతుందే తప్ప తగ్గదు.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1977లోనే ప్రతి మెడికల్ కాలేజీ మూడు బ్లాకుల బాధ్యత తీసుకోవాలని కేంద్రం పథకం పెట్టింది. విద్యార్థులను ఊళ్లకు తీసుకుపోవడానికి బండ్లు కూడా ఇచ్చారు. దేశమంతటా అది అనుకున్నట్టు సాగలేదు. బండి వచ్చినంత మాత్రాన చదువు ఊరికి రాదని అప్పుడే తేలిపోయింది.

మనం ఈ పిల్లలను రానివ్వాలి. ఎందుకంటే పట్నం ఆసుపత్రిలో కనబడనివి మన దగ్గర కనబడతాయి. పత్తి చేనులో మందు కొట్టి వచ్చిన మనిషికి చెమటలు పడుతున్నాయి, నోట్లో చొంగ కారుతోంది, కంటిపాప చిన్నదైంది. పట్నంలో చదివిన పిల్లలు ముందు రోగమేంటని వెతుకుతారు. పల్లె చూసినవాళ్లు ముందు "ఏం మందు కొట్టావు, డబ్బా ఎక్కడుంది?" అని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నతో ప్రాణం నిలబడవచ్చు. కొన్ని మందులకు విరుగుడు ఇంజక్షన్ ఉంది, పారాక్వాట్ లాంటి గడ్డి మందుకు లేదు. 2017లో మహారాష్ట్ర యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయారు. పత్తి పండించే మనకు అది దూరం సంగతి కాదు. పాముకాటు కూడా అంతే. నాట్లప్పుడు, రాత్రి నీళ్లు పెట్టేటప్పుడు కాటేసిన పాముకు వైద్యం ఎంత త్వరగా అందితే అంత మంచిది. ఆ ఆలస్యం ఎక్కడ జరుగుతుందో ఊరికొచ్చి చూస్తేనే తెలుస్తుంది.

అయితే షరతు ఉంది. దత్తత అంటే మన దగ్గర ఒక అర్థముంది. తీసుకున్నవాళ్లు మంచికీ చెడుకూ నిలబడాలి. ఒక పూట వచ్చి, బీపీ చూసి, ఫారం నింపుకొని, ఫోటో దిగి పోతే దాన్ని దత్తత అనరు.

సరిగా చేసినచోట ఎట్లా ఉంటుందో సేవాగ్రామ్‌ను చూస్తే తెలుస్తుంది. అక్కడ 1969లో డాక్టర్ సుశీలా నయ్యర్ మొదలుపెట్టిన మెడికల్ కాలేజీలో ప్రతి బ్యాచ్ ఒక ఊరిని తీసుకుంటుంది. పిల్లలు మొదట ఆ ఊళ్లోనే శిబిరం వేసుకొని ఉంటారు, తర్వాత కూడా తమ కుటుంబాల దగ్గరికి వస్తూ ఉంటారు. చుట్టుపక్కల రైతులు పంట చేతికొచ్చాక జొన్నలు కొలిచి ఇచ్చి ఆ ఆసుపత్రిలో ఆరోగ్య బీమా పొందేవారు. రైతు తన పంటలోంచి ఇచ్చాడు, ఆసుపత్రి వైద్యం ఇచ్చింది. భాగస్వామ్యమంటే అది.

ఇంకో మాట. 2022 ఆగస్టులో మన ఇబ్రహీంపట్నంలోనే కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయించుకున్న 34 మంది ఆడబిడ్డల్లో నలుగురు చనిపోయారు. దానికీ విద్యార్థులకూ సంబంధం లేదు. కానీ ఇంత పోగొట్టుకున్న ప్రాంతంలో "ఎవరు చూస్తున్నారు, వాళ్ల వెనక ఎవరున్నారు?" అని అడిగితే తప్పు పట్టడానికి వీల్లేదు.

అందుకే కాలేజీలను మనం అయిదు అడుగుదాం.

ఒకటి, వచ్చిన విద్యార్థే మళ్లీ రావాలి. ఏడాదికో కొత్త ముఖం వద్దు.

రెండు, వెంట బాధ్యత గల డాక్టర్ ఉండాలి. ఆయన లేకుండా సూది, మందు వద్దు.

మూడు, ముట్టుకునే ముందు, రక్తం తీసే ముందు, ఫోటో తీసే ముందు అడగాలి. వద్దంటే ఆగాలి. ఆడవాళ్లను చూసేటప్పుడు ఆడపిల్ల తోడుండాలి.

నాలుగు, పరీక్షల ఫలితం కాయితం మన చేతికివ్వాలి. షుగరో, బీపీయో, రక్తహీనతో బయటపడితే పల్లె దవాఖానలో చెప్పి, పెద్దాసుపత్రి దాకా దారి చూపాలి.

అయిదు, ఊళ్లో ఏ జబ్బులు ఎక్కువున్నాయో ఏడాదికోసారి గ్రామసభలో తెలుగులో చెప్పాలి. మన లెక్కలు కాలేజీ బీరువాలోనే ఉండిపోతే మనకేం లాభం?

మన వంతు కూడా ఉంది. భూమి ఉన్న ఇళ్లకే కాదు, కౌలు రైతుల ఇళ్లకు, కూలీల ఇళ్లకు, ఎస్సీ కాలనీకి, తండాకు ముందు తీసుకుపోవాలి. ఆశా కార్యకర్తను పక్కన పెట్టొద్దు. ఊరి గుట్టు ఆమెకే తెలుసు. ఏ మందు కొట్టామో, ఎంత తాగుతున్నామో దాచకుండా చెప్పాలి. ఒకసారి చేనుకు తీసుకుపోయి పంపు వీపున పెట్టి చూపించాలి. గ్లౌజు, మాస్కు పెట్టుకోమని సలహా ఇచ్చే పిల్లలకు ఎండలో అవి ఎంతసేపు ఆగుతాయో అర్థమవుతుంది.

ఈ పిల్లలు మన బిడ్డల ఈడువాళ్లు. అన్నం పెడదాం, చదువు నేర్పుదాం, మన హక్కు మనం అడుగుదాం. వచ్చే నెల ప్రతి గ్రామ కమిటీ ఈ అయిదు మాటలు చదివి, తీర్మానం రాసి, సర్పంచ్‌కూ పీహెచ్‌సీ డాక్టర్‌కూ అందజేయాలని కోరుతున్నాం.