సముద్రం నేర్పే అలంకారాలు



నేను సైన్సు బోధించేవాణ్ణి. ఇంగ్లీషు కవిత్వంలోని పారిభాషిక పదాల గురించి మాట్లాడటం మీకు వింతగా ఉండవచ్చు. తెలుగు మీడియంలో చదివే రోజుల్లో సిమిలీ, మెటఫర్ నిర్వచనాలు పొల్లు పోకుండా అప్పజెప్పేవాణ్ణి. పరీక్షలో కొత్త పద్యం ఇచ్చినప్పుడు మాత్రం ఏది ఏదో గుర్తుపట్టలేకపోయాను. మార్కులు పోయినందుకు కాదు, కవిత్వం నాకు రాదనుకుని ఏళ్ల తరబడి దూరంగా ఉండిపోయినందుకే ఇప్పటికీ బాధపడతాను. ఆ నష్టం మీకు జరగకూడదు.

పుదుచ్చేరి బీచ్ రోడ్డు మీద నిలబడ్డామనుకోండి. ఎదురుగా బంగాళాఖాతం. 'సముద్రం సింహంలా గర్జిస్తోంది' అంటే సిమిలీ, మన ఉపమ. ఇంగ్లీషులో లైక్, యాజ్ అనే మాటలు దీనికి గుర్తు. 'లా' తీసేసి 'ఈ సముద్రం ఒక సింహం' అంటే మెటఫర్, మన రూపకం. 'సముద్రం ఊరిని పలకరిస్తోంది' అంటే మనిషి పనిని సముద్రానికి ఆపాదించాం. అది పర్సానిఫికేషన్. 'అల ఆకాశాన్ని తాకింది' అంటే హైపర్‌బొలీ, అంటే అతిశయోక్తి. గలగల, జలజల వంటి ధ్వన్యనుకరణ పదాలు ఆనమటోపియా.

ఒక జాగ్రత్త. లైక్ కనిపించగానే సిమిలీ అని రాసేయకండి. 'తమ్ముడు అన్నలా పొడుగ్గా ఉన్నాడు' అనేది మామూలు పోలిక. వేర్వేరు జాతుల వస్తువుల మధ్య ఊహతో పోలిక తెచ్చినప్పుడే అది అలంకారం.

సైన్సుకూ ఈ ఊహ అవసరమే. 1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కను సూక్ష్మదర్శినిలో చూసి, అందులోని అరలను 'సెల్స్' అన్నాడు. సెల్ అంటే చిన్న గది. జీవశాస్త్రంలో మీరు రోజూ వాడే మాట పుట్టినప్పుడు మెటఫరే!

ఇక ఛందస్సు. 1910లో పుదుచ్చేరి వచ్చి 1950లో మరణించేవరకు ఇక్కడే ఉన్న శ్రీ అరవిందులు 'సావిత్రి' అనే ఎపిక్‌ను ఇంగ్లీషులో రాశారు. దాదాపు 24,000 పంక్తులు. కథ మహాభారతం అరణ్యపర్వంలోనిది. తెలుగులో ఆ భాగాన్ని చెప్పినవాడు ఎర్రన. 'సావిత్రి' బ్లాంక్ వర్స్‌లో ఉంది. అంటే అంత్యప్రాస లేదు, కానీ లయ ఉంది. ఆ లయ పేరు అయాంబిక్ పెంటామీటర్. ఒక అక్షరం తేలిగ్గా, తరువాతది ఊనికతో పలకాలి. అలాంటి జంటలు పంక్తికి ఐదు. లయా ప్రాసా రెండింటి నియమమూ లేనిది ఫ్రీ వర్స్. ఈ రెండింటినీ కలగాపులగం చేయకండి.

అన్ని పదాలకూ తెలుగులో సరిజోడు దొరకదు. మన లఘువు, గురువు పలికే కాలాన్ని కొలుస్తాయి. ఇంగ్లీషు ఛందస్సు ఊనికను లెక్కిస్తుంది. మన ప్రాస పాదంలో రెండో అక్షరానిది. ఇంగ్లీషు రైమ్ సాధారణంగా పంక్తి చివర వస్తుంది.

కొత్త పద్యం ఎదురైతే మూడు ప్రశ్నలు వేసుకోండి. కవి దేన్ని దేనితో పోల్చాడు? పోలికను తెలిపే మాట ఉందా? ఆ పోలిక వల్ల మనకు కొత్తగా ఏం కనిపించింది? మొదటి రెండూ పదం పేరు చెబుతాయి. మూడోది కవిత్వాన్ని చూపిస్తుంది.

ఈ సాయంత్రం మీ ఇంట్లోవాళ్ల మాటలు వినండి. అందులో ఐదు అలంకారాలు ఏరి, వాటి ఇంగ్లీషు పేర్లు నోటుబుక్కులో రాయండి. అవి మీకు ముందే తెలుసునని మీకే అర్థమవుతుంది.

సెలవు.