వేలికి సరిపడే పిక్

(స్వర్ణోత్సవ సభలో, సంగీత గది ప్రారంభ సందర్భంగా చేసిన ప్రసంగం)



మన సంఘం బడికి కానుకగా ఇస్తున్న సంగీత గదిలో ఆరు హవాయియన్ గిటార్లు ఉన్నాయి. ఆ వాద్యం నేర్పేవాణ్ణి కనుక రెండు మాటలు చెప్పమన్నారు కార్యదర్శి గారు. గిటారు గొప్పతనం కొంచెమే చెప్పి, కొనాల్సిన సామాన్ల జాబితాలో లేని ఒక చిన్న వస్తువు గురించి ఎక్కువ చెబుతాను. అదే ఫింగర్ పిక్.

ఈ వాద్యానికి రూపమిచ్చినవాడు ఒక బడి పిల్లవాడే. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో హోనొలులులోని కమేహమేహా బాలుర పాఠశాలలో చదువుతూ జోసెఫ్ కెకుకు గిటారు తీగల మీద ఉక్కు కడ్డీ జార్చి వాయించే పద్ధతిని తీర్చిదిద్దాడు. మన దేశంలో వాన్ షిప్లే దాని మీద సినిమా పాటలు పలికించారు. బ్రిజ్ భూషణ్ కాబ్రా హిందుస్తానీ రాగాలు పలికించారు. తన మోహన వీణతో విశ్వమోహన్ భట్ రై కూడర్‌తో కలిసి 1994లో గ్రామీ అందుకున్నారు.

ఈ గిటారుకు ఎడమ చేత్తో తీగల్ని నొక్కక్కర్లేదు, కడ్డీ ఆనించి జారిస్తే చాలు. అందుకే చిన్న పిల్లలకూ, రిటైరైన మన మాస్టార్లకూ ఇది అనువైన వాద్యం. కష్టమంతా కుడిచేతిదే. ఒక్క మీటుతో పుట్టిన నాదం మీదే జారు మొత్తం నడవాలి. మీటు బలహీనమైతే సగం దారిలోనే స్వరం ఆరిపోతుంది. ఉక్కు తీగకు గోరు అరిగిపోతుంది, ఒట్టి వేలితో మీటితే మెత్తగా పలుకుతుంది. కాబట్టి బొటనవేలికి ప్లాస్టిక్ పిక్, చూపుడు వేలికీ మధ్య వేలికీ లోహపు పిక్‌లు తొడుగుతాం. వీటి నాలుక గోటివైపు కాదు, వేలి మెత్తవైపు ఉండాలి.

ఎంచుకునేటప్పుడు మొదట చూడాల్సింది కుదురు. తొడిగాక చెయ్యి విదిలిస్తే జారకూడదు. అయిదు నిమిషాలు ఉంచితే వేలికొన ఎర్రబడకూడదు. నాలుక వేలి వంపును అనుసరిస్తూ, కొన దాటి రెండు మూడు మిల్లీమీటర్లకు మించకూడదు. పొడవెక్కువైతే తీగకు తట్టుకుంటుంది, గరగర వినిపిస్తుంది.

రెండోది మందం. పిక్ మీద 0.013 మొదలు 0.025 అంగుళం దాకా అంకెలుంటాయి. పలచనిది చేత్తోనే వంగుతుంది, నాదం సన్నగా ఉంటుంది. మందమైనది నిండుగా పలుకుతుంది గానీ వంచడం కష్టం. కొత్తవారికి 0.018 దగ్గర మొదలుపెట్టడం మేలు. ఇత్తడికీ నికెల్ సిల్వర్‌కీ పలుకులో తేడా ఉంది. రెండూ వాయించి, మీ చెవికి నచ్చింది తీసుకోండి. ఖరీదును బట్టి తేల్చుకోకండి.

బొటనవేలి ప్లాస్టిక్ పిక్ బిగుతుగా ఉంటే కాసేపు వేడినీళ్ళలో ఉంచి, మెత్తబడ్డాక కాస్త వెడల్పు చేసి, చల్లారేదాకా అలాగే పట్టుకోండి. మంట మీద మాత్రం పెట్టకండి. సెల్యులాయిడ్ అయితే భగ్గున అంటుకుంటుంది.

ఇదంతా ఇంత వివరంగా ఎందుకంటే, పిల్లలు ఈ వాద్యాన్ని వదిలేసేది చాలాసార్లు ఇక్కడే. పెద్దల సైజు పిక్ పిల్లవాడి వేలి మీద గిర్రున తిరుగుతుంది. పటకారుతో బిగిస్తే కండను కొరుకుతుంది. వారం తిరిగేసరికి వేలు వాస్తుంది. పదిహేను రోజులకు వాడు గిటారు వైపే చూడడు. ఇంట్లోవాళ్ళేమో "మావాడికి సంగీతం అబ్బలేదండీ" అంటారు. అబ్బకపోవడం కాదు, వేలు నొప్పి! ఆ సంగతి పిల్లవాడు చెప్పడు, మనమూ అడగం.

అందుకని సంఘానికి నా మనవి ఒక్కటే. ఆరు గిటార్లూ అందరూ పంచుకోవచ్చు, పిక్‌లు మాత్రం పంచుకోకూడదు. ఒకరి వేలికి వంచినవి ఇంకొకరికి కుదరవు. నేర్చుకోవడానికి చేరే ప్రతి విద్యార్థికీ వాడి పేరు రాసిన చిన్న డబ్బా, అందులో వాడి వేలికి కొలిచి తెచ్చిన మూడు పిక్‌లు ఇద్దాం. చిన్న సైజువి కూడా దొరుకుతాయి. ఒక గిటారు ఖరీదులో ఇది చాలా చిన్న వంతు.

గురువులకు కూడా ఒక మాట. కీళ్ళు కాస్త ఉబ్బినవారు వదులుగా వంచుకుని, మొదట్లో పావుగంటకోసారి పిక్‌లు తీసి వేళ్ళు సడలించండి. మాకు అక్షరాలు దిద్దించినప్పుడు మీరు మొదట సరిచేసింది బలపం పట్టుకునే తీరునే కదా! రేపటి నుంచి ఈ గదిలో పాఠం కూడా అలాగే, వేలి దగ్గర మొదలుపెడదాం.

సెలవు.