అరటి దొప్ప, తాటి బుర్ర, పిడికెడు మట్టి

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా చిన్నపిల్లల తల్లిదండ్రుల కోసం ఏర్పాటైన సభలో చేసిన ఉపన్యాసం)



నేను రిక్షా దిగి లోపలికి వస్తుంటే లైబ్రేరియన్ గారు నా చేతిలోది చూసి, "అరటి బోదె తెచ్చారేంటి మేడమ్, పందిరేమైనా వేయాలా?" అన్నారు. పందిరికి కాదండీ, ఇవాళ్టి పాఠానికి అన్నాను. నేల మీద నీళ్లు కారుతున్నాయని ఆయన దాన్ని బయట అరుగు మీద పెట్టించారు. అక్కడే ఉండనివ్వండి. దానితో మనకు తర్వాత పని ఉంది.

ముప్పై నాలుగేళ్లు ఒకటో తరగతికి చెప్పాను. రిటైరయ్యాక మా మనవడి దగ్గర చదువుకుంటున్నాను. బజారులో ఎక్కడ కనిపించినా తల్లులు నన్ను అడిగేది ఒకటే: "టీచర్ గారూ, సెలవులొస్తే పిల్లాడితో ఏం చేయించాలి? ఫోనిస్తే తప్ప కూర్చోడు." వాళ్లను తప్పుపట్టను. నేనూ అదే బాధలో ఒకసారి పెట్టెలో వచ్చే కిట్ ఒకటి తెప్పించాను. అన్నీ కత్తిరించి, అంకెలు వేసి ఉన్నాయి. ఒకటి మీద ఒకటి, రెండు మీద రెండు అతికించాడు. పావుగంటలో నెమలి తయారు. చాలా బాగా వచ్చింది. గొడవంతా అక్కడే. ఆ నెమలిలో వాడు ఎక్కడా లేడు. వాడి బదులు పక్కింటి పిల్లాడు కూర్చున్నా అదే నెమలి వచ్చేది.

ఇంకో సంగతి. ఆ పెట్టె మాఘంలో అడిగినా వస్తుంది, ఆషాఢంలో అడిగినా వస్తుంది. తాటికాయ అలా రాదు. మూడు నాలుగేళ్ల పిల్లకు 'నిన్న', 'రేపు' అంత తేలిగ్గా పట్టుబడవు. మా వాడికి నాలుగేళ్లప్పుడు జరిగిపోయిందంతా 'నిన్నే'. ఆర్నెల్ల కిందటి పుట్టినరోజూ నిన్నే, పొద్దున తిన్న ఇడ్లీ నిన్నే. క్యాలెండరు చూపించి నెలల పేర్లు వల్లె వేయిస్తే పేర్లు వస్తాయి, కాలం రాదు. చేతికి కొన్నాళ్లే దొరికి ఆ తర్వాత దొరకకుండా పోయే వస్తువుతో ఆడితే వస్తుంది. ఇవాళ నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

వేసవితో మొదలుపెడతాను. ముంజలు అందరూ తింటారు. అమ్మేవాళ్లు కొట్టి, ముంజలు మాత్రం కవర్లో పోసిస్తారు. పిల్లలున్నవాళ్లు అలా తీసుకోకండి. పైన చెక్కించి, కాయలు కాయలుగానే ఇంటికి తేండి. బొటనవేలు పెట్టి ముంజ లాక్కుని తినడం పిల్లలకు మొదటి పని. నీళ్లు మోచేతి దాకా కారతాయి, కారనీయండి. తిన్నాక మిగిలిన బుర్రలు రెండు, మధ్యలోకి ఇరుసుగా మూరెడు పుల్ల ఒకటి, ఆ ఇరుసు మీద ఆనించి తోయడానికి పంగల కర్ర ఒకటి. మేకులక్కర్లేదు, జిగురక్కర్లేదు. బండి సిద్ధం. ఈ సభలో నలభై దాటిన వాళ్లలో ముంజల బండి తోలినవాళ్లు చేతులెత్తండి. చూశారా, ఎంతమంది ఎత్తారో!

మొన్న మే నెలలో మా వాడికి చేసిచ్చాను. వాకిట్లోంచి వీధి చివరికి తోలుకెళ్తానని బయలుదేరాడు. బండి ఎడమకు తిరిగి పక్కింటి గేటుకు గుద్దుకుంది. మళ్లీ తోశాడు, మళ్లీ పక్కింటికే. "అమ్మమ్మా, దీనికి మనిల్లు ఇష్టం లేదు, వాళ్లింటికే పోతోంది" అన్నాడు. నాకు కారణం తెలుసు. చెప్పబోయి నాలుక కరుచుకున్నాను. మూడోసారికి వాడే కూలబడి, రెండు బుర్రల్నీ తేరిపార చూశాడు. "ఇది బుజ్జిది" అన్నాడు. ఎడమ బుర్ర కాస్త చిన్నది. ఇరుసు ఒక చుట్టు తిరిగేసరికి పెద్ద బుర్ర ఎక్కువ దూరం పోతుంది, చిన్నది తక్కువ పోతుంది, బండి చిన్నదాని వైపు తిరుగుతుంది. వాడికి ఈ మాటలేవీ రావు. కానీ బండిని అటుదిటు తిప్పి పట్టాడు. ఈసారి కుడివైపు పాల డబ్బాల కొట్టు మీదికి పోయింది. వాడు నవ్విన నవ్వు చూడాలి!

నాలుగో రోజుకు బుర్రలు వడిలి ముడుచుకుపోయాయి, చిల్లి పెద్దదై ఇరుసు ఊడొచ్చింది, చీమలు పట్టాయి. పెంట మీద పారేశాం. "మళ్లీ ఎప్పుడు?" అన్నాడు. "మళ్లీ ఎండాకాలం వచ్చినప్పుడు" అన్నాను. అప్పట్నుంచీ వానలో కూడా వారానికోసారి, "ఇది ఎండాకాలమా?" అని అడుగుతూనే ఉన్నాడు. వాడికి ఎండాకాలమంటే ఇప్పుడు ఒక బండి వచ్చే కాలం. 'నిన్న' కూడా కాస్త పొట్టిదైంది.

వానాకాలం గురించి తక్కువ చెబుతాను, ఎందుకంటే కాగితం పడవలు ఎవరూ నేర్పక్కర్లేదు. ఒకటి మాత్రం చేసి చూడండి. డాబా మీద నిటారు గోడలున్న గాజు గ్లాసు ఒకటి పెట్టి, వాన వెలిశాక నీటి మట్టం దగ్గర పిల్ల చేత స్కెచ్ పెన్నుతో గీత గీయించండి. పక్కన కార్తె పేరు మీరు రాయండి. మన రైతుల లెక్కలో ఏడాదికి ఇరవై ఏడు కార్తెలు, ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజులు. చిన్నపిల్ల ఓపిక పట్టగల గడువు అంతే. నెల వాళ్లకు మరీ పెద్దది, వారం మరీ చిన్నది. రోహిణిలో ఎండ, మృగశిరలో చల్లబడటం, ఆరుద్రలో ఎర్ర మఖమలు పురుగులు... పిల్లలు కళ్లతో చూసి గుర్తుపట్టగలిగినవి. చిన్నప్పుడు నేను ఆరుద్ర పురుగుల్ని అగ్గిపెట్టెలో గడ్డి వేసి దాచాను. పొద్దునకు చచ్చిపోయాయి. అరచేతిలో ఎక్కించుకుని చూసి, తడి మట్టిలో వదిలేయమనండి.

ఇక వినాయక చవితి. ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, చెరువు మట్టి తెప్పించి పిల్లల చేత వినాయకుణ్ణి చేయించాను. ఒక పిల్ల చేసిన బొమ్మలో ఒంటి కన్నా తొండం లావుగా ఉంది. హెడ్మాస్టరు గారు వచ్చి చూస్తారు కదా అని నేను ఆ తొండాన్ని చిదిమి, సన్నగా సాగదీసి, చెవులు కూడా సరిచేసి ఎంతో ముచ్చటగా తయారుచేశాను. సాయంత్రం అందరూ ఎవరివి వాళ్లు పట్టుకెళ్లారు. ఆ పిల్లది కిటికీలోనే ఉంది. "నీది తీసుకెళ్లలేదేం?" అంటే, "అది మీది టీచర్" అంది. కోపంగా కూడా అనలేదు. ఉన్న మాటే చెప్పింది. అప్పట్నుంచి నాకొక అలవాటు. నా ముద్ద నాకు విడిగా పెట్టుకుంటాను. పిల్లల పక్కన కూర్చుని నాది నేను చేసుకుంటాను. చేతులు ఖాళీగా ఉంటేనే కదా పక్కవాళ్ల బొమ్మ మీదికి పోయేది!

పూజయ్యాక రంగు వేయని ఆ బొమ్మను బకెట్ నీళ్లలో పెట్టి, పక్కన పీట వేసుకుని పిల్లతో కూర్చోండి. లేచి పనికి పోకండి, ఇదే అసలు ఘట్టం. ముందు చెవులు జారతాయి, తర్వాత తొండం, పొట్ట చాలాసేపు నిలబడుతుంది. సన్నవి ముందు కరుగుతాయని పిల్లలే చెబుతారు. మర్నాటికి అడుగున మెత్తటి మట్టి మిగులుతుంది. దాన్ని తొట్టిలో పోసి బంతి గింజలు చల్లితే, ధనుర్మాసానికి పూలు చేతికొస్తాయి. ఆ పూలే గొబ్బెమ్మ మీద పెట్టించండి. భాద్రపదానికీ పుష్యానికీ మధ్య ఎంత దూరముందో ఆ తొట్టి చెబుతుంది.

పత్రి గురించి ఒక హెచ్చరిక. ఇరవై ఒక్క ఆకులు పోల్చుకోవడం పిల్లలకు గొప్ప ఆట. మారేడుకు మూడేసి ఆకులు, రావికి తోక, ఉత్తరేణి గింజలు లంగాకు అంటుకుంటాయి. కానీ ఆ జాబితాలోనే ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు కూడా ఉన్నాయి. మొదటి రెండూ విషం, మూడోదాని పాలు కంట్లో పడితే ప్రమాదం. ఆ మూడూ పెద్దవాళ్లే కోయాలి, పిల్లలు దూరం నుంచి చూడాలి. తర్వాత చేతులు కడిగించాలి.

తెలంగాణలో ఉన్న మా చిన్నమ్మాయి ఇంట్లో బతుకమ్మ పేర్చడం చూశాను. అంతకు ముందే అక్కడ ఆడపిల్లలు పుట్టమన్నుతో అంతస్తులుగా బొడ్డెమ్మను చేసుకుంటారట, అది అచ్చంగా పిల్లల పండగ. బతుకమ్మకు గునుగు పూలు కట్టలు కట్టాలి, కాడలు సమంగా కోయాలి, కొన్నింటికి రంగులద్దాలి. తంగేడు ఒక వరస, గునుగు ఒక వరస. నాలుగేళ్ల మనవరాలికి అప్పజెప్పిన పని ఒకటే, పువ్వు రంగు చెప్పి అందించడం. నాలుగు వరసలయ్యాక, "పైకి పోతుంటే తక్కువ పూలే అడుగుతున్నారేం?" అంది. పై వరస కింది వరస కన్నా చిన్నదవుతూ పోవడం దానికి చేతిలోకి వచ్చింది. ఆ పూలు ఎప్పుడడిగితే అప్పుడు దొరకవని మాత్రం ఇంకా నమ్మలేదు, ప్రతి పొదలోనూ వెతుకుతోంది.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన ముగ్గు. పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి వదలడం ఉందే, రేపు పెన్సిలు పట్టుకునేదీ ఆ వేళ్లతోనే. మూడేళ్ల పిల్లకు పలక మీద 'అ' దిద్దించేముందు నెల రోజులు ముగ్గుపిండి ఇవ్వండి. బియ్యప్పిండైతే మంచిది, చీమలు కూడా వస్తాయి, వాటినీ చూడొచ్చు. ముందు గీతలొద్దు, మూడు వరసల్లో మూడేసి చుక్కలు చాలు. చుక్కల మధ్య దూరం సమంగా ఉండదు. చెరపకండి. అయిదేళ్లు దాటాక సందు చుక్క. నాలుగు, అయిదు, ఆరు, ఏడు, మళ్లీ ఆరు, అయిదు, నాలుగు. మొత్తం ఎన్ని? ముప్పై ఏడు. మా అమ్మ అక్షరం ముక్క రాని మనిషి, వాకిట్లో నిలబడి ఒక్క చుక్క తప్పితే చెప్పేసేది. ముగ్గు మొత్తాన్నీ ఒక్కసారిగా కళ్లతో పట్టేదన్న మాట. మగపిల్లల తల్లులు నవ్వుతున్నారు. మగపిల్లల వేళ్లు వేరే రకంగా ఉండవమ్మా, వాళ్లకూ ఇవ్వండి.

ఇవన్నీ కొత్త సిద్ధాంతాలేం కావు. గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో 1920లో గిజుభాయి బధేకా బాలమందిరం పెట్టి, చేతులతో చేస్తూ ఆడుతూ నేర్చుకునే చదువు చూపించారు. వకీలు పని వదిలి పిల్లల మధ్యకు వచ్చినాయన్ని 'మీసాలున్న అమ్మ' అని పిలిచేవారు. 1939లో మద్రాసు అడయారుకు వచ్చిన మాంటిస్సోరీ అమ్మ కూడా గింజలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి పోయడాన్ని పాఠమనే లెక్కవేసింది. మన జాతీయ విద్యా విధానం 2020 సైతం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే దశగా తీసుకుని ఆటపాటలకు పెద్దపీట వేసింది. కాగితం మీద బాగానే ఉంది. ఆ పీట మన ఇళ్లలో ఇంకా వేయలేదు.

అపార్టుమెంట్లో ఎలాగండీ అంటారు. మట్టికి ఒక పాత టబ్బు చాలు, ముగ్గుకు బాల్కనీలో రెండు బండలు చాలు. డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి తాటికాయలు దొరకవని ఏడ్చాడు. మీ ఊళ్లో ఇప్పుడు ఏం రాలుతోందిరా అని అడిగాను. ఓక్ చెట్ల కాయలట. వాటితో వామనగుంటలు ఆడించమన్నాను. చింతగింజలే కావాలని శాస్త్రమేం లేదు. ఎక్కడున్నవాళ్లకు అక్కడి కాలమే చుట్టం.

ఒక్కటి మాత్రం ఖర్చవుతుంది, మీ పొద్దు. ముంజల బండికి గంట పట్టింది, పొయ్యి మీద పప్పు మాడింది. పిల్లను పక్కన కూర్చోబెట్టి మీరు ఫోను చూసుకుంటే కుదరదు. రోజూ అక్కర్లేదు, పక్షానికోసారి చాలు.

సరే, కార్తీకంలో ఉన్నాం. ఈ అమావాస్య వెళ్లిన మర్నాడు పోలి పాడ్యమి, అరటి దొప్పల్లో దీపాలు వదులుతారు. ఆ బోదె అందుకే మోసుకొచ్చాను. దొప్పను అడ్డంగా కోసి వెలుతురుకు పట్టి చూస్తే, లోపల చిన్న చిన్న గదులు వరసగా కనిపిస్తాయి, మధ్యలో పల్చటి తెరలు. ఆ గదుల్లో ఉన్నదంతా గాలే. అంత బరువు బోదె నీళ్ల మీద ఎందుకు తేలుతుందో పిల్లల్ని అడగండి, మీరు చెప్పకండి. అయిదేళ్ల లోపు వాళ్ల పడవల్లో దీపానికి బదులు మందార పువ్వు పెట్టిద్దాం. పెద్దపిల్లలకు వత్తి వెలిగించేటప్పుడు పక్కన ఒక పెద్దమనిషి ఉండాలి.

లైబ్రేరియన్ గారు రెండు బకెట్ల నీళ్లు పెట్టించారు. పిల్లలు ముందు రండి, తల్లిదండ్రులు వెనక. కత్తి నా దగ్గరే ఉంటుంది. నాన్నలు కూడా లేవండి, కుర్చీలు ఎక్కడికీ పోవు.