ఊరి పుస్తకము – పంచాయతీ బాధ్యత

(మధురవాడలో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున ఒక ప్రచారాధికారి చేసిన ప్రసంగ పాఠము)

ఈనాటి సమావేశమున రోడ్లు, మంచినీరు, పారిశుద్ధ్యము, ఇంటిపన్ను వసూలు మున్నగు విషయములపై పెద్దలు ఇదివరకే మాటలాడిరి. వాని తరువాత పుస్తకములను గూర్చి చెప్పుమని నన్ను నిలిపినారు. “పన్నుల లెక్క తేలక మేము తలలు పట్టుకొనుచుండగా ఈయన పుస్తకములేమిటి?” అని మీలో కొందరికి తోచవచ్చును. అట్లు తోచుట తప్పు కాదు. అయితే నేను చెప్పబోవు మాటలు కూడ కడకు నీటికాలువ దగ్గరకును, ఇంటిపన్ను దగ్గరకును వచ్చి చేరును. కొంచెము ఓపిక పట్టవలెనని కోరుచున్నాను.

మనము కూర్చున్న ఈ మధురవాడ ఒకప్పుడు మీ ఊళ్లవంటి ఊరే. 2005లో మహా విశాఖపట్టణ నగరపాలక సంస్థ ఏర్పడినప్పుడు ఇది నగరములో కలిసినది. పొలములు ఉన్నచోట నేడు మేడలు లేచినవి. పొలము ఇంటిస్థలమైనప్పుడు దాని పేరు పోవును. పేరు పోయిన పిమ్మట దాని కథయు పోవును. ఇక్కడికి దగ్గరనే యున్న తొట్లకొండను చూడుడు. పూర్వము బౌద్ధభిక్షువులు రాతిలో తొలిపించుకొన్న నీటితొట్ల వలన ఆ కొండకు ఆ పేరు వచ్చినది. బావికొండ పేరును అట్టిదే. రమారమి రెండువేల ఏండ్లనాటి నీటి ఏర్పాటును గుర్తుచేయు ఆనవాలు ఊరివారి నోటిమాటలో నిలిచినది. కాని నోటిమాట అన్నిటిని మోయలేదు. అది మోయలేని దానిని పుస్తకము మోయవలెను.

అట్టి పుస్తకములను వ్రాయువారు ఎవరు? పెద్ద ప్రచురణ సంస్థలకు మన ఊరి చెరువుతో పనిలేదు. బడిపంతులు, రైతు, నర్సు, పదవీవిరమణ చేసిన గుమాస్తా, చదువుకొన్న ఇల్లాలు – ఇట్టివారు తామే వ్రాసి, తమ డబ్బుతోనే అచ్చు వేయించి, సంచిలో పెట్టుకొని తామే ఊరూర పంచుచున్నారు. వీరినే నేను స్వతంత్ర రచయితలు అనుచున్నాను. ఇప్పుడు వంద, రెండువందల ప్రతులు మాత్రమే వేయించుకొను సౌకర్యము వచ్చినందున ఇట్టి పుస్తకములు మునుపటికన్న ఎక్కువగా వెలువడుచున్నవి.

ఇది మనకు క్రొత్త మార్గము కాదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో ‘వివేకవర్ధని’ పత్రికను ప్రారంభించి, తరువాత రాజమహేంద్రవరమున సొంత ముద్రణాలయమునే నెలకొల్పిరి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన గిడుగు రామమూర్తి పంతులుగారు కొండలలోని సవరల భాషను నేర్చి, వారికి బడులు పెట్టించి, పుస్తకములు వ్రాసిరి; 1919లో ‘తెలుగు’ అను పత్రికను నడపిరి. వాడుక భాషకొరకు పోరాడిన ఆయన పేరెత్తి నేను ఇట్లు గ్రాంథికపు ఛాయలో మాటలాడుచున్నందుకు ఆయన ఉన్నచో నన్ను మందలించెడివారే. మన కాలమున రంగనాయకమ్మగారు తమ పుస్తకములను తామే ప్రచురించి, పేద పాఠకునికి అందునట్లు తక్కువ వెలకు అమ్ముటను నియమముగా పెట్టుకొనిరి. విశాఖపట్టణమున ఉపాధ్యాయులుగా పనిచేసిన కాళీపట్నము రామారావుగారు తమకు పురస్కారములుగా వచ్చిన ద్రవ్యమును వెచ్చించి, 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళములో కథానిలయమును స్థాపించిరి. పేరుగలవారి కథయైనను, పేరులేనివారి కథయైనను అచ్చట సమానముగా భద్రపడును. ఆయన 2021లో కాలధర్మము చెందిరి. కథానిలయము నిలిచియున్నది.

ఇక నా తప్పు ఒకటి మీ యెదుట చెప్పుకొందును.

కొన్ని ఏండ్ల క్రిందట, నేను మరియొక కార్యాలయమున పనిచేయుచుండగా, ఒక ముసలి మాస్టారు నా దగ్గరకు వచ్చిరి. తమ ఊరి చెరువులు, బందలు, గెడ్డలు, పొలముల పేర్లు, గ్రామదేవత పండుగలు – వీనిని గూర్చి తొంబదియారు పుటల పుస్తకము వ్రాసి, పింఛను డబ్బుతో మూడువందల ప్రతులు వేయించిరి. నాకొక ప్రతి ఇచ్చిరి. “చాల మంచి ప్రయత్నము, మాస్టారూ” అని మెచ్చుకొని, కాఫీ ఇప్పించి పంపితిని. పుస్తకమును బీరువాలో పెట్టితిని. ఊరి పంచాయతీవారును ఒక ప్రతిని పుచ్చుకొని, శాలువ కప్పి, ఆ ప్రతిని ఎచ్చటనో పెట్టి మరచిరి. మరుసటి ఏడు మాస్టారు పోయినారు. మిగిలిన కట్టలను ఇంటివారు చిత్తుకాగితముల వ్యాపారికి తూకమునకు ఇచ్చివేసిరి.

రెండేండ్ల తరువాత పెద్దవాన కురిసినది. చెరువు నిండి పొరలగా నీరు ఒక వీధిలోనికి వచ్చి మూడుదినములు నిలిచినది. అదనపు నీరు పోవు పాత కాలువ ఏనాడో పూడిపోయినది. అది ఏ త్రోవను పోయెడిదో ఇద్దరు పెద్దలు రెండు విధములుగా చెప్పిరి. అప్పుడొకరికి మాస్టారి పుస్తకము జ్ఞాపకము వచ్చినది. ఊరిలో ఒక్క ప్రతియు దొరకలేదు. నాకు ఫోను చేసిరి. బీరువా తెరచితిని. పుస్తకము ఉన్నది. అందులో ఆ కాలువ త్రోవ పొలముల పేర్లతో సహా వ్రాసియున్నది. చేతితో గీసిన పటము కూడ ఉన్నది. దాని ననుసరించి త్రవ్వగా పాత కాలువ బయటపడినది.

అందరును సంతోషించిరి. నేను సంతోషింపలేకపోతిని. ఆ పుస్తకమును నేను అంతవరకు తెరచి చూడలేదు. చదువకయే మెచ్చుకొంటిని. మాస్టారు బ్రదికియుండగా నేను చదివి, నలుగురితో “ఇది చదువుడు” అని చెప్పియున్నచో వాన రాకముందే కాలువ దొరకెడిది. ఆయనకును తన శ్రమ ఫలించినదన్న తృప్తి దక్కెడిది. రచయితకు శాలువ కప్పుట సులభము. పుస్తకము చదువుటయే మర్యాద.

కావున మొదటి మాట ఇది: మీ ఊరి రచయిత పుస్తకము తెచ్చి యిచ్చినప్పుడు వెల చెల్లించి పుచ్చుకొనుడు. ఉచితముగా తీసికొన్న పుస్తకమును చదువవలెనన్న పట్టుదల మనకు కలుగదు. రెండవ మాట: పూర్తిగా చదువుడు. మూడవ మాట: బాగున్నచో ఎవరికి బాగుండునో చెప్పుడు. గ్రంథాలయ శాస్త్రమునకు పెద్దలైన రంగనాథన్‌గారు 1931లోనే ప్రతి పుస్తకమునకును దానికి తగిన పాఠకుడు ఒకడుండునని బోధించిరి. అతనిని వెదకి కలుపుటయే సిఫారసు.

అన్ని పుస్తకములను ఒకే కొలతతో కొలువరాదు. కథలు, నవలలు చదువునప్పుడు మనుష్యులు నిజమైన మనుష్యులవలె మాటలాడుచున్నారా అని చూడుడు. మన యాసలో వ్రాసినారని చులకన చేయవలదు. విశాఖపట్టణపు న్యాయవాది రాచకొండ విశ్వనాథశాస్త్రిగారు కోర్టు గుమ్మములయందు తిరుగు పేదల పలుకులను కథలలోనికి తెచ్చియే గొప్ప రచయితలైరి. పాటల సంపుటమైనచో ఒకరు పైకి చదువగా పదిమంది వినుడు. తప్పెటగుళ్ల పాటలు, జముకుల కథలు సేకరించిన పుస్తకమున ఆ పాట ఎవరు పాడిరో, ఏ ఊరివారో వ్రాసియున్నదా అని విచారింపుడు. పాడినవారి పేరు విడిచిన పుస్తకము సగము అప్పు ఎగవేసినట్టిది.

ఊరి చరిత్రలను మరింత జాగ్రత్తగా చదువవలెను. మన పొరుగుననున్న పద్మనాభమున 1794 జూలై 10న యుద్ధము జరిగి విజయనగర ప్రభువు విజయరామరాజు మరణించిరి. ఇట్టి విషయములకు దస్తావేజులు గలవు. ఇతర విషయములకు రచయిత ఆధారము చూపినారా, లేక విన్నమాటను విన్నమాటగా చెప్పినారా? ఒక్క ఇంటిపేరువారిని పొగడి తక్కిన పేటలను మరచినారా? ఈ ప్రశ్నలు వేయుడు.

వ్యవసాయము, వైద్యము గూర్చిన పుస్తకములను పంచాయతీ తనంతట తాను సిఫారసు చేయరాదు. మొదట వ్యవసాయాధికారికిగాని, ప్రభుత్వ వైద్యునికిగాని చూపుడు. కథలో తప్పున్నచో పాఠకునికి కాలము పోవును. మందులో తప్పున్నచో ప్రాణము పోవును. హైదరాబాద్ బుక్ ట్రస్టువారు తెలుగులో వెలువరించిన ‘వైద్యుడు లేనిచోట’ వంటి పుస్తకము, ఇంటిలో ఏమి చేయవచ్చునో చెప్పుటతోపాటు ఎప్పుడు వైద్యుని దగ్గరకు తీసికొనిపోవలెనో కూడ చెప్పును. అదే మంచి పుస్తకమునకు గురుతు.

పిల్లల పుస్తకములకు పరీక్షకులు పిల్లలే. బడిలో ఇచ్చి చూడుడు. రెండవమారు అడిగినచో అది మంచి పుస్తకము. స్త్రీలు తమ జీవితములను గూర్చి వ్రాసికొన్న పుస్తకములను మహిళా సభ్యులు ముందుగా చదివి స్వయంసహాయక సంఘములలో చదివి వినిపింపవలెనని నా మనవి. ఇంటిలో చెప్పుకొనలేని మాట అచ్చులో కనిపించినప్పుడు అనేకులకు ధైర్యము కలుగును.

సొంతముగా అచ్చువేసిన పుస్తకములన్నియు మంచివేయని నేను చెప్పుటలేదు. అచ్చుతప్పులు మెండుగా ఉండును. చెప్పినదే చెప్పుటయు కలదు. లోపమును రచయితకు నెమ్మదిగా, సూటిగా చెప్పుడు. మరుముద్రణమునకు అది ఉపకరించును. మనవాడు కదాయని, మన పార్టీవాడు కదాయని, సర్పంచిగారి బావమరది కదాయని పొగడిన పుస్తకము వలన తరువాత రాబోవు మంచి పుస్తకమునకు నష్టము కలుగును. ఒకమారు మోసపోయిన పాఠకుడు రెండవమారు నమ్మడు.

పంచాయతీ కార్యాలయమున ఒక నోటుపుస్తకము పెట్టుడు. చదివిన ప్రతి పుస్తకమునకు నాలుగు పంక్తులు చాలును: పుస్తకము పేరు, వ్రాసినవారి పేరు, ఇందులో ఏమున్నది, ఎవరికి పనికివచ్చును, లోపమేమి. క్రింద చదివినవారి సంతకము ఉండవలెను. చదువని వారు సంతకము చేయరాదు. ఆగస్టు 29న, గిడుగువారి జన్మదినమైన తెలుగు భాషా దినోత్సవమునందును, నవంబరు 14 నుండి 20 వరకు జరుగు జాతీయ గ్రంథాలయ వారోత్సవములయందును ఆ నోటుపుస్తకమును గ్రామస్థులకు చదివి వినిపింపుడు.

డబ్బెక్కడిది అందురా? ఇప్పుడు ఇంటిపన్ను దగ్గరకు వచ్చుచున్నాను. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయముల చట్టము ననుసరించి ఇంటిపన్నుపై రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయపు పన్ను వసూలు చేయబడుచున్నది. ఒక ఊరిలో ఇంటిపన్ను రెండులక్షలు వసూలైనచో అందుపై 16,000 రూపాయలు గ్రంథాలయములకు చెందును. అది పంచాయతీ సొమ్ము కాదు. జిల్లా గ్రంథాలయ సంస్థకు చేర్చవలసిన సొమ్ము. వీధిదీపము కాలిపోయినదనియో, ట్రాక్టరు చెడినదనియో దానిని వాడుకొన్నచో మన పిల్లల పుస్తకమును మనమే తూకమునకు వేసినట్లగును. సకాలమున చెల్లింపుడు. చెల్లించిన పంచాయతీ, “మా శాఖా గ్రంథాలయమునకు ఈ పుస్తకములు కావలెను” అని తన సిఫారసుల పట్టికను జతచేసి అడుగవచ్చును. చెల్లించినవాడు అడిగిన మాటకు బలముండును.

రచయితలకు కూడ రెండు మాటలు చెప్పుడు. పుస్తకమునకు వేయు అంతర్జాతీయ సంఖ్య, అనగా ఐఎస్‌బీఎన్, మన దేశములో ఉచితముగానే లభించును. 1954 నాటి చట్టము ననుసరించి అచ్చైన పుస్తకమును కలకత్తాలోని జాతీయ గ్రంథాలయమునకును, మరి మూడు గ్రంథాలయములకును పంపవలెను. ఆ మాస్టారు అట్లు పంపియున్నచో నా బీరువా మీద ఆధారపడవలసిన అవసరము ఊరికి కలుగకపోయెడిది.

మిత్రులారా! పూర్వము పాతూరి నాగభూషణముగారి వంటి వారు పుస్తకములను పడవలలో పెట్టి, కాలువల వెంబడి ఊళ్లకు చేర్చిరి. నేడు పుస్తకము మన గుమ్మము ముందటికే సంచిలో వచ్చుచున్నది. తెచ్చినవారిని కూర్చుండబెట్టి, వెల యిచ్చి పుచ్చుకొని, ఆ రాత్రియే మొదటి పుట తెరువుడు. మీరు ఊరికి వెళ్లగానే మీ కార్యాలయపు బీరువాను ఒకమారు వెదకుడు. అందులో ఎవరో ఒక మాస్టారి పుస్తకము ఉండకపోదు. నేను చేసిన ఆలస్యము మీరు చేయవలదని వేడుకొనుచు సెలవు తీసికొనుచున్నాను.