ఓటీపీ రాదు, అదను ఆగదు
(మండల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



విత్తనం వేయాల్సిన రోజుల్లో మనం ఎక్కడుంటున్నాం? పట్టాదారు పాసుపుస్తకం చంకలో పెట్టుకొని, ఫోను చేతపట్టుకొని, క్యూలో నిలబడుతున్నాం. మన అనంతపురం మెట్ట భూముల్లో పదును ఆరిపోతే శనక్కాయ విత్తే అదను పోయినట్టే. ఆ సంగతి కంప్యూటరుకు తెలియదు.

2019లో మొదలైన పీఎం కిసాన్ కింద ఏడాదికి 6,000 రూపాయలు, మూడు విడతల్లో ఇస్తారు. ఆ డబ్బు చేతికి రావాలంటే మూడు తాళాలు తెరుచుకోవాలి. ఈ-కేవైసీ పూర్తి కావాలి, బ్యాంకు ఖాతా ఆధార్‌తో ముడిపడాలి, భూమి రికార్డు సరిపోవాలి. ఏ ఒక్కటి తప్పినా విడత ఆగిపోతుంది.

మా ఊళ్లో మేం చూసిందే చెబుతాం. ఒక పెద్దాయన ఆధార్‌కిచ్చిన నంబరు బెంగళూరుకు పనికి పోయిన కొడుకు దగ్గరుంది. కొడుకు పని మీంచి దిగి ఫోను చూసేసరికి ఓటీపీ గడువు అయిపోతుంది. పోనీ వేలిముద్ర వేద్దామంటే, కలుపు తీసి, కాయలు ఒలిచి అరిగిన వేళ్లను మిషను గుర్తించదు. ఆఫీసులో అడిగితే బ్యాంకుకు పొమ్మన్నారు. బ్యాంకులో అడిగితే ఆఫీసుకు పొమ్మన్నారు. లోపం ఎక్కడుందో చీటీ మీద రాసిచ్చినవారు ఒక్కరూ లేరు. ప్రతి తిరుగుడుకూ ఒక కూలి పోయింది, బస్సు ఛార్జీ పోయింది.

మనం చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. వేలిముద్ర పడకపోతే పీఎం కిసాన్ యాప్‌లో ముఖం చూపించి ఈ-కేవైసీ చేయొచ్చు. ఒకరి ఫోనులోనే తోటి రైతులకూ చేయొచ్చు. ఆధార్‌లో ఫోను నంబరు మార్చుకోవాలంటే పోస్టాఫీసులో అడగండి. రెండు మూడు ఖాతాలున్నవాళ్లు ఏ ఖాతా ఆధార్‌తో మ్యాప్ అయిందో బ్యాంకులో తెలుసుకోండి. డబ్బు పడేది దాంట్లోనే.

అయితే భారమంతా రైతు నెత్తినే వేస్తే ఒప్పుకోం. మనం అడిగేవి మూడు. దరఖాస్తు ఆగితే కారణం తెలుగులో రాసివ్వాలి. వేలిముద్ర, ఓటీపీ రెండూ కుదరనివారిని ఊళ్లోనే మనిషి చూసి ధ్రువీకరించాలి. సరిచేశాక ఆగిన విడతలన్నీ కలిపి ఇవ్వాలి.

సేద్యం చేసే మనిషి కళ్లెదుట నిలబడి ఉంటే, రైతువో కాదో మిషను చెప్పాలా? డబ్బు ఆగినవాళ్ల పేర్లు ఊరూరా రాయండి, ఏ తాళం దగ్గర ఆగిందో పక్కన రాయండి. ఆ జాబితాలన్నీ పట్టుకొని అందరం కలిసి కలెక్టరేట్‌కు పోదాం.