ముదిమికి అరటిక్కెట్టు

మా కేంద్రమునకు ప్రతివారము వచ్చు జాబులలో పాటలు కోరునవి ఎక్కువ, వాదము పెట్టుకొనునవి తక్కువ. అయినను కొంతకాలముగా ఒకే విషయమును గురించి, ఒకరి కొకరు బదులు చెప్పుకొనుచున్నారా అన్నట్లు శ్రోతలు వ్రాయుచున్నారు. వృద్ధులకును, వికలాంగులకును రైళ్లలోను బస్సులలోను ఛార్జీ తగ్గింపవలెనా, వలదా? తగ్గించినచో ఆ సొమ్ము ఎవరి జేబునుండి రావలెను? ఈ రెండు ప్రశ్నలను గురించి ఈ పూట కొంత ముచ్చటింతము.

జాబులలో రెండింటిని ప్రత్యేకముగ తీసి పెట్టుకొన్నాము. మొదటిది శ్రీకాకుళము ప్రాంతమునుండి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు వ్రాసినది. వారికి కన్నుల జబ్బు. ఏటికి రెండుమార్లు హైదరాబాదు పోయి వైద్యునికి చూపించుకొని రావలెను. వెనుక భార్యాభర్త లిద్దరును కలిసి పోయెడివారు. అప్పటి రాయితీ ప్రకారము అరువదేండ్లు దాటిన పురుషునకు నూటికి నలుబది, యేబదియెనిమిది దాటిన స్త్రీకి నూటికి ఏబది తగ్గింపు గదా! లెక్క వేసినచో ఇద్దరికిని కలిపి ఒక టిక్కెట్టును, దానిపై పదవవంతును. ఇప్పుడు రెండు నిండు టిక్కెట్లు. అందుచేత ఆమె ఇంటివద్దనే ఉండిపోవుచున్నారు. చూపు సరిగా ఆనని మనిషి ఒంటరిగా రాత్రి రైలులో బయలుదేరుచున్నారు. పోయినసారి తెల్లవారుజామున స్టేషను పేరు కనబడక, దిగవలసిన చోటికి ముందే దిగి, రెండు గంటలు బల్లమీద కూర్చుండిరట. ఈ సంగతిని వారు ఫిర్యాదుగా కాక, నవ్వుకొనుచు వ్రాసినారు.

రెండవ జాబు విజయవాడనుండి ఒక యువకునిది. కర్మాగారములో పని. ఆదివారములలో సొంత ఊరికి జనరల్ పెట్టెలో నిలబడి పోవువాడు. 'పెద్ద ఉద్యోగము చేసి, నెలనెల పింఛను తీసికొనుచు, శీతల పెట్టెలో పవ్వళించి పోవు పెద్దమనిషి టిక్కెట్టులో సగము నేను ఎందుకు భరింపవలెను?' అని ఆయన ప్రశ్న. దీనిని దురుసు ప్రశ్న యని త్రోసివేయుటకు వీలులేదు. మేము మొదటి జాబు చదివి కరిగినవారమే అయినను, రెండవ జాబు చదివిన తరువాత కొంతసేపు కలము కదలలేదు.

మొదట జరిగినదేమో చూతము. రైల్వేలలో వృద్ధుల రాయితీ చాలకాలముగా ఉన్నదే. 2011-12 రైల్వే బడ్జెటులో పురుషుల రాయితీని నూటికి ముప్పదినుండి నలుబదికి పెంచిరి. స్త్రీల వయఃపరిమితిని అరువదినుండి ఏబదియెనిమిదికి దించిరి. 2020 మార్చి 20వ తేదీన ఆ రాయితీని నిలిపివేసిరి. కోవిడ్ మహమ్మారి వృద్ధులపాలిట ప్రాణాంతకమైనది. వారు అనవసరముగ ప్రయాణింపకుండుట మేలని ఆనాటి తలంపు. ఆ తలంపును తప్పు పట్టలేము. మహమ్మారి తగ్గినది, రైళ్లు యథాప్రకారము తిరుగసాగినవి, రాయితీ మాత్రము తిరిగి రాలేదు. 2022 లో పార్లమెంటు రైల్వే స్థాయీ సంఘము, కనీసము స్లీపరు తరగతిలోను, మూడవ తరగతి ఏ.సి.లోను దీనిని పునరుద్ధరించు విషయమును సానుభూతితో పరిశీలింపవలసినదని సూచించెను. 2023 లో సుప్రీంకోర్టు ముందుకు ఒక అర్జీ వచ్చినప్పుడు, ఇది ప్రభుత్వ విధానమునకు సంబంధించిన విషయమని చెప్పి న్యాయస్థానము దానిని కొట్టివేసెను.

రైల్వే శాఖవారి వాదములో పస లేకపోలేదు. ఒక్కొక్క ప్రయాణికునిపై నూరు రూపాయలు ఖర్చగుచుండగా తాము వసూలు చేయునది ఏబదినాలుగేనని, అనగా రాయితీ ఇప్పటికే వృద్ధునికిని యువకునికిని సమానముగ అందుచున్నదని వారు 2024 లో చెప్పిరి. 2019-20 లో ప్రయాణికులందరికిని కలిపి ఈ విధముగ ఇచ్చిన మొత్తము 59,837 కోట్ల రూపాయలని పార్లమెంటుకు తెలిపిరి. అదే సంవత్సరమున వృద్ధుల రాయితీవలన వదలుకొన్నది 1,667 కోట్లు. ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో, వృద్ధుల భాగము నూటికి మూడు రూపాయలకు లోపుగానే ఉన్నది. రైల్వేలు దీనివలన మునిగిపోవుచున్నవనుట అతిశయోక్తి. అట్లని 1,667 కోట్లు చిల్లర యనుటయు సబబు కాదు. దానితో ఎన్నియో స్టేషన్లలో లిఫ్టులు వేయవచ్చును. లిఫ్టుల మాట మరల వచ్చును.

కలవారు తమంత తామే రాయితీ వదలుకొందురని ఆశించి 2017 లో ఒక పద్ధతిని పెట్టిరి. టిక్కెట్టు కొనునప్పుడే సగము గాని, మొత్తము గాని వదలుకొనవచ్చును. వదలుకొన్నవారు నూటికి ఐదుగురు కూడ లేరని ప్రభుత్వ ఆడిట్ నివేదికవలన తేలినది. మన విజయవాడ యువకుడు ఈ అంకెను చూచినచో, 'చూచితిరా!' యనును. మేము మరొక విధముగ తలంచుచున్నాము. చేతికి ఇచ్చినదానిని పదిమందిలో నిరాకరించుట ఒక గొప్ప. గుమాస్తా కిటికీ దగ్గర ఎవరును చూడనిచోట గళ్లలో గుర్తుపెట్టి నిరాకరించుట వేరు. మనుజ స్వభావముపై లెక్క కట్టినప్పుడు ఈ తేడాను మరువరాదు.

ఇట్టి తగవు మనతోనే పుట్టినది కాదు. ఇంగ్లండులో బర్మింగుహాము నగర సంస్థ 1950 దశకమున తన బస్సులలో డెబ్బదేండ్లు దాటిన పురుషులకును, అరువదియైదు దాటిన స్త్రీలకును ఉచిత ప్రయాణము కల్పించినది. ఆ ఊరి పన్ను చెల్లింపుదారు ఒకరు కోర్టుకెక్కెను. బస్సులు నష్టపడినచో ఆ నష్టము మా పన్నులపై పడును గదా, మా సొమ్ముతో వారికి దానము చేయుటకు మీకు హక్కెక్కడిది, అని ఆయన వాదము. చూచితిరా, విజయవాడ ప్రశ్నయే! అప్పీలు న్యాయస్థానము ఆయన పక్షముననే తీర్పు చెప్పినది. నగర సంస్థ పన్ను చెల్లింపుదారుల సొమ్మునకు ధర్మకర్తవంటిది. బస్సులను వ్యాపార పద్ధతిని నడపవలెనే గాని, తమకు నచ్చిన ఒక తరగతివారికి కానుకగా ఈయరాదు అనిరి. కాని కథ అక్కడ ఆగలేదు. 1955 లో పార్లమెంటు ఒక శాసనము చేసి, అప్పటికే అమలులోనున్న రాయితీలను నిలిపినది. 1964 లో మరియొక శాసనముచేత, ఇట్టి రాయితీలిచ్చు అధికారమును సాధారణముగ స్థానిక సంస్థలకు కలుగజేసినది. న్యాయస్థానము అడిగినది ధర్మబద్ధమైన ప్రశ్నయే. దానికి సమాధానము చెప్పవలసినవారు ప్రజా ప్రతినిధులు, వారు చెప్పిరి. 2008 ఏప్రిల్ 1 నాటినుండి ఇంగ్లండు దేశమంతటను వృద్ధులకును, వికలాంగులకును స్థానిక బస్సులు ఉచితమైనవి.

ఆ పద్ధతిలో మనము నేర్వదగినది ఒకటున్నది. వారి ఉచితము ఉదయము తొమ్మిదిన్నర మొదలు రాత్రి పదునొకండు వరకు. సెలవు దినములలో ఆ నియమము లేదు. ఆఫీసులకు పోవువారి రద్దీ తగ్గిన తరువాత బస్సు ఎట్లును నడచుచుండును, డ్రైవరు జీతము ఎట్లును ఈయవలెను, సీట్లు ఖాళీగా ఉండును. ఆ ఖాళీ సీటులో ఒక అవ్వ కూర్చుండినంత మాత్రమున అదనముగ అగు ఖర్చు అత్యల్పము. పైగా బస్సు యజమానికి ప్రభుత్వమువారు సొమ్ము చెల్లింతురు. ఆ చెల్లింపువలన అతడు లాభపడను రాదు, నష్టపడను రాదు అన్నది సూత్రము. ఐర్లండులో 1967 లో ఆర్థికమంత్రి చార్లెస్ హాహీ ఉచిత ప్రయాణమును ప్రవేశపెట్టినప్పుడును, మొదట రద్దీలేని వేళలకే పరిమితము చేసిరి. ఆ దేశపు పద్ధతిలో ఉచిత ప్రయాణపు కార్డుగలవారి వెంట భర్తగాని, భార్యగాని ఉచితముగ పోవచ్చును. ఈ సంగతి చదివినప్పుడు మాకు శ్రీకాకుళపు దంపతులు జ్ఞప్తికి వచ్చిరి.

ఇక వికలాంగుల సంగతి. వారి రాయితీ 2020 లో పోలేదు, నిలిచియున్నది. స్లీపరులోను, మూడవ తరగతి ఏ.సి.లోను నూటికి డెబ్బదియైదు వరకు తగ్గింపు, తోడువచ్చువారికిని అంతే. వినుటకు ఉదారముగనే ఉన్నది. కాని ఎవరికి? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఇరువదియొక్క విధముల వైకల్యములను గుర్తించినది. రైల్వే రాయితీకి వర్గములు నాలుగు మాత్రమే. తోడులేక ప్రయాణింపజాలని అంగవికలురు, తోడులేక ప్రయాణింపజాలని బుద్ధిమాంద్యము గలవారు, చూపు పూర్తిగ లేనివారు, వినికిడియు మాటయు రెండును లేనివారు. ఇందులోని చిక్కు చూడుడు. ఒక కాలు పోయినవాడు చంకకఱ్ఱల సాయమున, ఎవరిని యాచింపక, ఒంటరిగ పోవ నేర్చుకొనెను. 'తోడులేక పోలేడు' అను వైద్యుని ధ్రువపత్రము అతనికి రాదు, రాయితీయు రాదు. పట్టుదలతో సాధించిన స్వతంత్రమే అతనికి అనర్హత యగుచున్నది. చెవుడు మాత్రమే ఉండి మాట వచ్చినవానికిని అంతే. స్టేషనులో ప్రకటన వినబడక రైలు తప్పిపోవువాడు అతడే గదా! క్యాన్సరు వంటి పెద్ద రోగములకు రాయితీ ఉన్నది, మంచిదే. మోకాలి నొప్పికి లేదు, అది ఎంత బాధించినను.

వికలాంగులను ఇప్పుడు ప్రభుత్వమువారు దివ్యాంగులనుచున్నారు. పేరు గౌరవముగనే ఉన్నది. కాని వారికై ప్రత్యేకించిన పెట్టె తరచుగ రైలునకు ఒక కొసనుండును. ప్లాట్‌ఫారము పొడవునా కఱ్ఱలతో నడచి అక్కడికి చేరుకొనునప్పటికి రైలు ఈల వేయును. బస్సు మెట్టు మోకాలెత్తున ఉండును. బ్రిటనులో ఉచిత ప్రయాణముతోబాటు, 2017 నాటికి స్థానిక బస్సులన్నియు చక్రముల కుర్చీ ఎక్కుటకు అనువుగ ఉండవలెనని నియమము పెట్టిరి. ఎక్కలేని బస్సులో టిక్కెట్టు ఉచితమైన నేమి, కాకున్న నేమి? ఒక శ్రోత, తానును వికలాంగురాలే, ఇట్లు వ్రాసినది: తనకు రాయితీ కంటె ముందు మెట్టు తగ్గింపవలెనట. అందుకే లిఫ్టుల మాట ఎత్తితిమి.

మన రాష్ట్రములలోని బస్సుల సంగతి వేరొక విధముగ నడచినది. తెలంగాణమున 2023 డిసెంబరు 9 నుండియు, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు 15 నుండియు కొన్ని తరగతుల బస్సులలో స్త్రీలకు ప్రయాణము ఉచితమైనది. ఆంధ్రప్రదేశ్ ఆర్.టి.సి.లో కోవిడ్ కాలమున ఆగిన వృద్ధుల పావువంతు రాయితీని 2022 లో తిరిగి ఇచ్చిరి. దీనివలన ఒక చిత్రమైన దృశ్యము ఏర్పడినది. ఎనుబదేండ్ల అవ్వయు, ఎనుబదినాలుగేండ్ల తాతయు ఒకే సీటున కూర్చుందురు. అవ్వకు సున్నా టిక్కెట్టు. తాత పంచె మడతలోనుండి నోట్లు తీసి లెక్కపెట్టును. అవ్వకు దొరికినది కూడ ముదుసలి యని కాదు, స్త్రీ యని. మేము ఆ ఉచితమును ఆక్షేపించుట లేదు. పొలము పనికి, బడికి, ఆసుపత్రికి పోవు ఎందరో స్త్రీలకు అది మేలు చేసినది. రద్దీ పెరిగిన బస్సులో వృద్ధులకు, వికలాంగులకు అని వ్రాసియున్న సీటు వారికి దక్కుచున్నదా యన్నది మాత్రము అడుగవలసిన ప్రశ్న.

పింఛను అను మాటలోనే మన తగవు సగము దాగియున్నది. తెలుగున ఆ ఒక్కమాటతో ముగ్గురిని పిలుచుచున్నాము. ప్రభుత్వోద్యోగము విరమించినవాడు ఒకడు. భవిష్యనిధి పథకము క్రింద పింఛను పొందు కార్మికుడు మరియొకడు. అతని కనీసపు పింఛను 2014 లో నెలకు వేయి రూపాయలుగ నిర్ణయింపబడినది. మూడవది వృద్ధాప్యపు పింఛను. దానికి కేంద్రము ఇచ్చు భాగము ఎనుబదేండ్ల లోపువారికి నెలకు 200 రూపాయలు. ఆంధ్రప్రదేశమున రాష్ట్రము కలుపగా 2024 జూలై నుండి 4,000 రూపాయలు. విజయవాడ యువకునికి కోపము వచ్చినది మొదటివానిని చూచి. రాయితీ పోయినది ముగ్గురికిని.

కావున మా అభిప్రాయము, అది మా అభిప్రాయమే గాని కేంద్రముది కాదు, పార్లమెంటు సంఘము చూపిన త్రోవ మేలైనదని. స్లీపరు తరగతికి, మూడవ తరగతి ఏ.సి.కి పరిమితము చేసినచో, ఆదాయ ధ్రువపత్రములకై ముసలివారిని కచేరీల చుట్టు త్రిప్పనక్కరలేదు. ఎక్కిన పెట్టెయే సాక్ష్యము. పై తరగతులవారు తమ టిక్కెట్టు తాము కొనుక్కొందురు. ఆ సొమ్మును రైల్వేలపై రుద్దక, ప్రభుత్వము తన బడ్జెటులో వేరుగ చూపి చెల్లించినచో, ఎవరి జేబునుండి పోవుచున్నదో యువకునికిని తెలియును, అడుగు హక్కును ఉండును. వికలాంగుల విషయమున 'తోడులేక' అను ఆ రెండు మాటలను ముందుగ కొట్టివేయవలెను. పరుగెత్తి వచ్చి తలుపు పట్టుకొని ఎక్కువారు వ్రాసిన నిబంధన అది.

చిన్నపిల్లల అరటిక్కెట్టు సంగతియు ఈ సందర్భమున జ్ఞప్తికి వచ్చుచున్నది. 2016 ఏప్రిల్ నుండి ఐదేండ్లు మొదలు పన్నెండేండ్ల లోపు పిల్లలకు ప్రత్యేకముగ బెర్తు కావలసినచో నిండు ఛార్జీయే. బెర్తు అక్కరలేదు, ఒడిలో సర్దుకొందుమన్నచో సగము. బాల్యమునకు ఆపాటి వెసులుబాటైనను మిగిలినది. మా ఉపాధ్యాయుడు తన భార్యను ఒడిలో కూర్చుండబెట్టుకొని పోవుటకు నియమము లేదు గదా యని తన రెండవ జాబులో హాస్యమాడినారు.

ఆ రెండవ జాబు మొన్ననే అందినది. వచ్చేనెల మొదటివారమున మరల హైదరాబాదు ప్రయాణమట. క్రింది బెర్తు దొరికినదట. టిక్కెట్టు ఒకటే కొన్నారట.