పితికిపప్పు, బస్సారు

చలికాలం వస్తే చింతామణి, చిక్కబళ్లాపురం సంతల్లో అనపకాయలదే రాజ్యం. ఒలిచిన గింజల్ని నీళ్లలో నానబెట్టి, రెండు వేళ్ల మధ్య పితికితే తొక్క ఊడి పప్పు బయటికి జారుతుంది. అదే పితికిపప్పు. ఇంటిల్లిపాదీ కూర్చుంటే తప్ప తెమలని పని. ధనియాలు, కొబ్బరి, ఎండుమిర్చి నూరి వేస్తే చిక్కటి పులుసు. ఇటలీ దక్షిణాన పూలియాలోనూ తొక్క తీసిన ఫావా చిక్కుడు గింజల్ని మెత్తగా ఉడికించి చేదు ఆకుకూరతో తింటారు.

బాగేపల్లి వైపు ఏడాది పొడవునా ఉండేది బస్సారు. కన్నడంలో ‘బసి’ అంటే వార్చడం. పప్పు, ఆకుకూర కలిపి ఉడికించి నీళ్లు వారుస్తారు. ఉడికిన పప్పు పిడికెడు, వెల్లుల్లి, జీలకర్ర, కొబ్బరి నూరి, చింతపండుతో ఆ నీళ్లలో కలిపి మరిగిస్తే చారు. మిగిలినదానికి తాలింపు పెడితే పల్యం. రుచంతా నిజానికి ఆ వార్చిన నీళ్లలోనే ఉంది.

దీనికి జోడు రాగిముద్ద. నమలరు, చారులో ముంచి మింగుతారు. రాగుల పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా ఎత్తుభూములు. కెన్యాలో నేటికీ పిండిని గట్టిగా కెలికి ‘ఉగాలి’ చేసి, వేయించిన ఆకుకూరతో తింటారు. అయితే ఇప్పుడు దాన్ని ఎక్కువగా మొక్కజొన్న పిండితో చేస్తారు.